మా అక్కకు కప్పిన శాలువా

నా ఇద్దరు కొడుకులను పెంచినందుకు మా అక్కకు శాలువా కప్పారు. కప్పింది నా పెద్ద కొడుకే. వనపర్తిలో, వాడు పనిచేసిన బడిలో, వాడి రిటైర్మెంటు సభలో, నన్ను రెండో వరుసలో కూర్చోబెట్టి మరీ కప్పాడు.

"చిన్నప్పుడే మాకు అమ్మ పోయింది. మమ్మల్ని పెంచి పెద్ద చేసింది మా మేనత్త అంజమ్మ" అని మైకులో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అక్కను ఇద్దరు టీచరమ్మలు చెరో రెక్క పట్టుకుని వేదిక ఎక్కించారు. ఎర్ర శాలువా, మిషను మీద నేసింది, పోగుకూ పోగుకూ మధ్య ఈగ దూరేంత సందు. అది కప్పించుకుని మా అక్క పెండ్లికూతురులాగా తల వంచుకుని నిలబడింది. కాదు అనలేదు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో "ఎంత గొప్ప తల్లి అండీ" అని నా వైపు తిరిగి తల ఊపాడు. నేనూ ఊపాను. నా చేతిలో కాగితం పళ్లెం, దాంట్లో ఒక లడ్డు, ఇంత కారపూస ఉన్నాయి. తిన్నాను. రుచి తెలియలేదు. ఆ సభలో నన్ను కూడా వేదిక మీదికి పిలిచారు, "మా నాన్నగారు" అన్నారు, పూలదండ వేశారు. తండ్రి అన్నవాడు ఉంటాడు కాబట్టి వేసిన దండ అది. గోడకు వేసినా అంతే ఉండేది.

వాళ్ల అమ్మ కర్నూలు పెద్ద దవాఖానలో పోయింది. అక్కడే తుంగభద్ర ఒడ్డున అన్నీ చేసేసి, రైలెక్కి గద్వాలకు ఒక్కణ్నే తిరిగి వచ్చాను. అప్పటికి పెద్దవాడు నర్సింహకు ఆరేళ్లు, చిన్నవాడు కిష్టయ్య ఇంకా మాటలు కూడబలుక్కుంటున్నాడు. ఆ సంగతి రాయడానికి కూర్చోలేదు. ఆ తర్వాత ఆ ఇద్దరికీ బువ్వ ఎవరు వండారు, ముక్కు ఎవరు తుడిచారు, తలకు నూనె ఎవరు రాశారు అన్నదే రాయడానికి కూర్చున్నాను. బడి మొహం చూసినవాణ్ని కాదు నేను. నూలు చిలపలకు, అంటే నూలు కట్టలకు, చుట్టి వచ్చే పాత పేపరు ముక్కలు చూసి, పెద్దవాడి ఒకటో తరగతి పుస్తకం చూసి అక్షరాలు పట్టుకున్నవాణ్ని. తప్పులుంటే చదివేవాళ్లు దిద్దుకోండి. జరిగింది మాత్రం ఎవరూ దిద్దడానికి వీల్లేదు.

మాది గద్వాలలో నేతపనివాళ్ల వీధి. ఒకటే పొడుగాటి ఇల్లు. ముందుగదిలో గుంత మగ్గం, వెనక పొయ్యి, ఆ రెంటికీ నడుమ మా కాపురం. గుంత మగ్గం అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: నేల తవ్వి గుంత చేస్తాం, నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు ఆ గుంతలోకి వేలాడేసి తొక్కుతాడు. కొత్త నూలు వాసన, గంజి వాసన, పొయ్యిలో జొన్న కట్టె పొగ, ఈ మూడూ కలిసిన వాసనే మా ఇంటి వాసన. గద్వాల చీరకు ఒంటి గుడ్డ వేరు, అంచు వేరు; రెంటినీ కలిపి నేయాలంటే పక్కన ఇంకొక మనిషి కూర్చోవాలి. నా పక్కన ఆ చోటు ఖాళీ అయింది. కాబట్టి అంచు చీరలు మానేసి, ఒక్కడు నేయగలిగిన సాదా చీరలు పెట్టుకున్నాను. కూలి తగ్గింది. తగ్గితే తగ్గింది.

చిన్నవాడు పాకే వయసు దాటి పరుగెత్తే వయసులో ఉన్నాడు. వాడి కళ్లన్నీ ఆ గుంత మీదనే. నేను కాళ్లు బయటికి తీస్తే చాలు, వాడు దాంట్లో దూకుతాడు. అందుకని ఒక పాత చీర కొంగు చించి, ఒక కొస వాడి నడుముకు, ఇంకో కొస నా నడుముకు కట్టాను. కొంగు పొడవు కొలిచే కట్టాను: నీళ్ల కుండ అందుతుంది, పొయ్యి అందదు, వాకిలి అందదు. వాడు ఆ మూరలోనే దేశం తిరిగేవాడు. పిల్లి కనబడితే గుంజేవాడు. వీధిలో ఐసుక్రీము బండి గంట వినబడితే రెండు చేతులూ చాచి, ముందుకు పడిపోయి గుంజేవాడు. వాడు గుంజినప్పుడల్లా నేను ఒక పక్కకు ఒరిగేవాణ్ని, అడ్డపోగును బిగించే దెబ్బ ఎక్కువో తక్కువో పడేది. చీర పూర్తయి షావుకారికి తీసుకుపోతే, ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, "ఏమప్పా, నడుమ నడుమ గీ గట్లు ఏంది? కొత్త డిజైనా?" అన్నాడు.

"మా చిన్నోడు" అన్నాను.

"చిన్నోడు నేసిండా?"

"లే, గుంజిండు."

షావుకారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లకు చెప్పి మళ్లీ నవ్వాడు. కూలిలో మాత్రం కోత పెట్టాడు. నవ్వు నవ్వే, కోత కోతే. ఆ రోజుల్లో నాకు ఎవరు నవ్వినా, ఎవరు తిట్టినా గోడవతల మాటల్లాగా వినబడేది.

గంజి సంగతి మా వీధిలో ఇంకా చెప్పుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లు కూడా ముసలివాళ్లయిపోయారు. పడుగు అంటే చీర పొడవునా పోయే పోగులు. నేసే ముందు వాటిని వీధి పొడవునా చాచి కట్టి, పొద్దుపొడవక ముందే గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకు ఆరనిస్తాం. అప్పుడే పోగు దెబ్బకు ఆగుతుంది. ఆ పొద్దున పొయ్యి మీద రెండు కుండలు పెట్టాను. ఒకదాంట్లో పడుగుకు బియ్యం గంజి, రెండు చుక్కల పల్లినూనె వేసింది. ఇంకోదాంట్లో పిల్లలకు బెల్లం వేసిన జావ. రెండూ ఒకే తీరు కుండలు, రెండూ చిక్కగానే ఉన్నాయి. చీకట్లో ఒకటి ఎత్తుకుని వీధిలోకి పోయాను. ఇంకోటి పెద్దవాడికి చూపించి, "తమ్మునికి తాపి నువ్వు తాగు" అన్నాను.

పడుగంతా దువ్వడం అయింది. చేతికి ఏదో బంక బంకగా తగిలింది గానీ, ఈ సారి గంజి మంచిగా కుదిరిందని అనుకున్నాను. ఎండ ఎక్కింది. ఎదురింటి లచ్చమ్మ, నోరు పెద్దది గానీ మనసు మంచిది, చెంబు పట్టుకుని బయటికి వచ్చి ఆగిపోయింది.

"ఓ అప్పా! నీ పడుగు మీద చీమలు పేరంటానికి పోతున్నయి చూడు! ఎవరింట్ల పెండ్లి?"

చూస్తే ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా పోగుపోగుకూ చీమలే. ఎర్రవి, నల్లవి, రెక్కలవి. నాలుక మీద వేలు పెట్టి చూసుకున్నాను. బెల్లం. ఇంట్లోకి ఉరికాను. పిల్లలిద్దరూ బుద్ధిగా కూర్చుని పడుగు గంజి తాగుతున్నారు. "నాయినా, ఇయాల జావ తియ్యగ లేదు, గాని మంచిగ జారుతుంది" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు తాగింది తక్కువ, పోసుకుంది ఎక్కువ. వాకిట్లో ఎండలోకి తీసుకువచ్చి నిలబెట్టాక వాడి అంగీ ముందు భాగం అట్టముక్కలాగా బిర్రబిగిసింది. వాడు వంగితే అంగీ వంగలేదు. చేతితో కొడితే తప్పెట మోగినట్టు మోగింది. వాడికి ఆ చప్పుడు నచ్చి పొట్ట మీద కొట్టుకుంటూ వీధంతా తిరిగాడు. వీధికి వీధి బయటికి వచ్చింది. లచ్చమ్మ అయితే నేల మీద కూలబడి, "పడుగుకు జావ, పోరలకు గంజి! రేపు చీరకు పాలిస్తడు, పోరలను మగ్గానికెక్కిస్తడు!" అని కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక లేచి, తడిగుడ్డ తెచ్చి నాతోపాటు చీమలు దులిపింది. దులుపుతూ నెమ్మదిగా, "మల్ల పెండ్లి చేస్కోరాదప్పా. లేకుంటె మీ అక్కనన్న పిలిపిచ్చుకో. మొగోడు ఎన్నాళ్లు చేస్తడు?" అంది.

"ఎన్నాళ్లయితె గన్నాళ్లు" అన్నాను. పడుగు మొత్తం ఉతికి, మళ్లీ గంజి కాచి, మళ్లీ దువ్వాను.

పెద్దవాడిని బడికి పంపే రోజుల్లో ఇంకొకటి జరిగింది. వాడు పుల్లలాగా ఉండేవాడు. లాగు నడుము మీద నిలిచేది కాదు. ఒక చేత్తో పలక, ఒక చేత్తో లాగు పట్టుకుని పోయేవాడు. అందుకని ఒక నాడా ఎక్కించి నేనే ముడి వేసి పంపాను. మా చేతులకు ఒకటే ముడి అలవాటు. తెగిన పోగును అతికేటప్పుడు వేస్తాం చూడండి, అది. చిన్నది, కంటికి కనబడదు, గుంజితే ఇంకా బిగుస్తుంది, చీర చినిగినా ఊడదు. పొద్దున్నే నిద్రమత్తులో, నూలు అనుకున్నానో ఏమో, ఆ ముడే వేశాను. నడి పొద్దుకు వాళ్ల సారు వాణ్ని రెక్క పట్టుకుని గబగబా మా ఇంటికి వచ్చాడు. వాడు రెండు కాళ్లూ మెలిపెట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, నోట మాట లేకుండా ఎగురుతున్నాడు.

"ఏమప్పా, గిది లాగుకేసిన ముడా, ఖజానకేసిన తాళమా? నేను గుంజిన, పెద్ద పోరలు గుంజిండ్రు, ఒకడైతె పండ్లతోని కొరికిండు. జర నువ్వన్న ఇప్పు, పోరడు పరేషానైతుండు!"

గోరుతో ఒక్క తోపు తోశాను, ఊడింది. వాడు గడప దాటక ముందే పని అయిపోయింది. సారు ధోతి అంచు ఎత్తుకుని పక్కకు జరిగాడు. తర్వాత ఇద్దరం వాకిట్లో నీళ్లు పోశాం. వాడికి ఇంకో లాగు తొడుగుతుంటే, "ఇంట్ల ఆడోళ్లు ఎవ్వరు లేరా?" అని అడిగాడు సారు.

"నేనున్న" అన్నాను.

సారు నవ్వాడు, నేను హాస్యమాడాననుకుని. ఆ రోజు నుంచి వాడు బడిలో ముడి నర్సింహ అయ్యాడు. రిటైరయ్యేదాకా పిల్లలకు లాగు నాడాల గురించి జాగ్రత్తలు చెప్పే సారుగా పేరు తెచ్చుకున్నాడని వాడి తోటి పంతుళ్లే చెప్పారు. అది మాత్రం మైకులో చెప్పలేదు.

ఇక మా అక్క. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఆమెది ఆమెకు ఇస్తాను. మా అక్కను రాజోలికి ఇచ్చారు, అక్కడా మగ్గాలే. ఒక ఎండకాలం వచ్చి, పిల్లల తలలు చూసి, "ఇవి తలలా, పేన్ల ఊర్లా?" అని నన్ను తిట్టి, ఇద్దరినీ తీసుకుపోయింది. ఒక్క ఎండకాలం. గుండ్లు చేయించింది, తుంగభద్రలో ముంచి తేల్చింది, మామిడిపండ్లు పెట్టింది. వాళ్లు నున్నటి గుండ్లతో, చెంపలు నిండి తిరిగివచ్చారు. వచ్చినప్పటి నుంచి "అత్త పప్పు గిట్ల చేయదు, అత్త చారు గిట్ల పోయదు" అని నా వంటకు వంకలు. అంతే ఆమె పెంపకం. వాళ్లు లేని ఆ ఎండకాలం మొదటి రోజు నేను పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ ఆ కొంగు నా నడుముకు కట్టుకుని మగ్గం మీద కూర్చున్నాను. రెండో కొస నేల మీద పడి ఉంది. మధ్యాహ్నం దాకా నేను దాన్ని చూసుకోలేదు. ఆ రోజు నేసిన గుడ్డలో ఒక్క గట్టు కూడా లేదు. షావుకారు మెచ్చుకున్నాడు.

ఇప్పుడు నర్సింహ కొడుకు హైదరాబాదులో ఉంటాడు, నా మనుమడు. వాడికి ఈ మధ్య కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడికి ముడ్డి కడిగితే ఫొటో, పాలు కలిపితే ఫొటో, జోల పాడితే వీడియో. వందమంది, రెండొందలమంది చూసి "ఎంత మంచి తండ్రి" అని రాస్తారట. చిన్నవాడి కోడలు ఫోను తెచ్చి నాకు చూపిస్తుంది, "చూసిన్రా తాతా, మొగోళ్లు ఇప్పుడు ఎట్ల మారిండ్రో" అని. చూశానమ్మా అంటాను. నేను కడిగినప్పుడు వీధి నవ్వింది, వండినప్పుడు జాలిపడింది, ఇప్పుడు రెండూ మరిచిపోయి శాలువా ఇంకొకరికి కప్పారు. వాళ్లు చేస్తే ముచ్చట, మేము చేస్తే గతి లేనితనం. పని మాత్రం ఒకటే. ముడ్డి మారలేదు కదా.

సభ అయిన తెల్లవారి మా అక్కకు ఫోన్ చేశాను. నేనిప్పుడు కొత్తకోటలో చిన్నవాడి దగ్గర ఉంటున్నాను.

"అక్కా, శాలువా ఎట్లుంది?"

"మంచిగుంది తమ్మీ. జర మెడకు గీరుకుంటుంది."

"వాళ్లను నువ్వు పెంచినవా?"

"నేనెప్పుడు పెంచిన్రా!" అంది మా అక్క, నేనే ఏదో నేరం మోపినట్టు. "మైకుల అంటుంటె లేసి కొట్లాడాల్నా? నా మోకాళ్లు లేస్తయా? వాడు ఎందుకన్నడో వాణ్నే అడుగు."

"మరి శాలువా వాపస్ ఇయ్యి."

"చలికాలం పోనీ, ఇస్త."

చిన్నవాడికి హైవే పక్కన లారీల రిపేరు షెడ్డు ఉంది. వాడు లారీ కింద పడుకుని ఉంటే రెండు కాళ్లే కనబడుతున్నాయి. ఆ కాళ్లనే అడిగాను, మిమ్మల్ని ఎవరు పెంచార్రా అని. "నాయినా, నాకు రెండే యాదికున్నయి" అని లారీ కింది నుంచి మాట వచ్చింది. "నువ్వు కట్టేసింది యాదికుంది, అత్త ఇప్పింది యాదికుంది. అన్న సంగతి అన్ననే అడుగు. ముందుగాల గా పానా ఇటియ్యి." పానా ఇచ్చి వచ్చేశాను.

పెద్దవాడు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది, ఎత్తలేదు. వాడి భార్య చేస్తే బాగున్నానని చెప్పి పెట్టేశాను. ఇంత వయసులో ఈ పంతమేందని చిన్నవాడు అన్నాడు. పంతం కాదు. ఈ వయసులో నా దగ్గర ఇంకేముంది? మగ్గం పోయింది, చూపు సగం పోయింది. ఇద్దరు మగపిల్లలను ఒక్క చేతి మీద పెంచానన్న మాట ఒక్కటే నాది. దాన్ని నా కళ్ల ముందే తీసి ఇంకొకరి భుజాన వేస్తే, నేను ఇన్నేళ్లు బతికింది ఎవరి బతుకు? ఇది వాడి నోటితోనే తేలాలనుకున్నాను.

మొన్న ఒక ఆదివారం వాడే వచ్చాడు. అరటిపండ్లు, బత్తాయిలు, నాకు కొత్త తువ్వాల తెచ్చాడు. నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తల మొత్తం తెల్లబడింది వాడికి. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని వాడు అడిగాడు, వేసుకుంటున్నాను అన్నాను. బయట షెడ్డులో వెల్డింగు నడుస్తున్నది. ఆ వెలుగు గోడ మీద పడి పోతున్నది. అప్పుడు అడిగాను. కోపంగా అడగాలని ఇన్ని నెలలు మనసులో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నిన్ను పెంచింది ఎవర్రా? గా జావ కాసింది ఎవరు? నీ లాగుకు ముడేసి బడికి పంపింది ఎవరు? అంతమంది ముంగట నా పేరెందుకు చెప్పలే?" అన్నాను, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు.

వాడు బత్తాయి ఒకటి తీసి, వొలిచి, తొనలు చేసి పళ్లెంలో పెట్టి నా ముందుకు జరిపాడు. తర్వాత చేతులు తువ్వాలకు తుడుచుకుని, నేల మీదనే చూపు పెట్టి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో కాదు, మా ఇంటి మాటతోనే చెప్పాడు:

"నాయిన పెంచిండంటె జనం ఊకోరు నాయినా. ఎట్ల పెంచిండు, ఎవరు వండిండ్రు అని దగ్గరికి జరిగి అడుగుతరు. ముడి సంగతి, గంజి సంగతి నేను చెప్త, వాళ్లు నవ్వుతరు. నవ్వుడు అయిపోంగనే, 'మరి మీ అమ్మకు ఏమయిండె?' అంటరు. మేనత్త పెంచిందంటె గామాట ఎవ్వరు అడగరు. 'పాపం' అని ఊకుంటరు. అమ్మకు ఏమయిందో నాకు తెల్వదు నాయినా. నేను రిటైరైన. నువ్వు ఇప్పటిదాంక చెప్పలే."